పట్టూ విడుపూ

ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్లు
నేను నేర్చిన విద్య ఒకటే, చప్పుడు కాకపోవడం.
చెంచా కప్పు అంచుకు తగలకుండా టీ కలపడం,
మెట్లలో మూడోదీ తొమ్మిదోదీ దాటేసి దిగడం,
దగ్గొస్తే దిండుకు చెప్పుకోవడం.
చీమ చిటుక్కుమంటే
చీమ తరఫున కూడా
నేనే సంజాయిషీ ఇచ్చుకునేదాన్ని.

ఇప్పుడు ష్రాప్‌షైర్‌లో ఓ చిన్న ఊరు.
తాళంచెవులు చేసే దుకాణం పైన ఊనా గది.
మంగళవారం, నాలుగింటికి.
మొదటి ఆరు వారాలూ నేను కోటు విప్పలేదు.
ఆవిడ విప్పమనలేదు.
కింద మిషను ఇత్తడిని కోస్తూ కీచుమంటుంటే
ఇద్దరం వింటూ కూర్చునేవాళ్లం.
ఏడో వారం అన్నాను,
"ఎవరింటి తాళమో."
ఆ గదిలో అదే నా మొదటి మాట.

"చేతులకేమైనా పని ఉందా, గ్లెనిస్?" అందోసారి.
అల్లిక పట్టాను. కుట్లు ఎంత బిగిశాయంటే
మేజోడు దానంతటదే నిలబడింది.
రంగులు కలిపాను. నీలంలో ముంచినా
కాగితం మీద బూడిదే వచ్చింది.
తర్వాత లైబ్రరీ తలుపు మీద ఒక చీటీ:
చర్చిలో గంటలు మోగించేవాళ్లు కావాలి.
అనుభవం అక్కర్లేదు.

అక్కర్లేదన్న మాట
రెండుసార్లు చదువుకున్నాను.

బురుజు లోపల మెట్లు మరలా తిరుగుతాయి.
వెనకెవరూ రావడం లేదని
మూడుచోట్ల ఆగి చూసుకున్నాను.
పైన ఆరు తాళ్లు వేలాడుతున్నాయి.
తాడు చూడగానే గొంతులో ఏదో బిగిసింది.
టెరెన్స్ ట్రాంటర్, నలభై ఏళ్లు పాలబండి నడిపిన మనిషి,
నా ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.
చేతులు జేబుల్లో పెట్టుకుని చెప్పాడు:
"లాగడం ఎవరికైనా వస్తుందమ్మా.
వదలడమే నేర్చుకోవాలి.
పైన గంట నీకు ఐదింతల బరువు.
కుచ్చు వదలకపోతే నిన్నూ లాక్కుపోతుంది.
తాడు కొస మాత్రం చేతిలోనే ఉండనీ."

ఊనాకి ఈ మాట చెప్పాను.
ఎప్పుడూ రాసుకోని మనిషి, రాసుకుంది.

వదలడం నాకు వచ్చనుకున్నాను.
ఒక సంచీ, బుట్టలో పిల్లి, తెల్లవారుజాము బస్సు.
అది పారిపోవడం.
రెంటికీ చేతులు వేరేలా పనిచేస్తాయి.

ఫిబ్రవరంతా అరచేతులు బొబ్బలు.
ఎరుపూ తెలుపూ ఉన్ని కుచ్చు
ముఖం ముందునుంచి దూసుకుపోయిన ప్రతిసారీ
కళ్లు మూసుకునేదాన్ని.
దెబ్బ ఎక్కడ పడుతుందో చెంపకు ముందే తెలుసు కదా.
"నీ మీదికి రావట్లేదు, పైకి పోతోంది" అనేవాడు టెరెన్స్.
మెదడుకు ఆ రోజే అర్థమైంది.
చెంపకు ఏప్రిల్ దాకా పట్టింది.

మానిందా అంటే, ఏమో.
మొన్న సూపర్‌మార్కెట్‌లో
ఎవరి దగ్గరో అతని షేవింగ్ క్రీము వాసన తగిలి
పాల అర దగ్గర బుట్ట వదిలేసి
వానలోకి వచ్చేశాను.
చెప్పుకోవాలి.
చెప్పుకోవడానికి ఒక మంగళవారం ఉంది.

ఆదివారం నాకు చిన్న గంట ఇచ్చారు.
చిన్నదే ముందు మోగాలి,
మోగించే మనిషే కేక వేయాలి. ఇక్కడి ఆనవాయితీ.
నాకు గొంతు పెగల్లేదు.
మిగిలిన ఐదుగురూ తాళ్లు పట్టుకుని
పొద్దంతా తమదే అన్నట్టు నిలబడ్డారు.

"చూసుకోండి" అన్నాను.
"వెళుతోంది."
లాగాను. వదిలాను.
"వెళ్లిపోయింది."

పైనెక్కడో కంచు నోరు తెరిచింది.
కసాయి దుకాణం వెనక కుక్కలు లేచాయి.
పావురాలు కప్పు మీంచి ఒక్కసారిగా లేచాయి.
నది అవతల ఎవరో దుప్పటి ముసుగేసుకుని
విసుక్కునే ఉంటారు,
ఆదివారం పూట ఎవరిదీ గోల అని.

నాదే.
ఆ గోల నాదే.